పుస్తకమూ హాకీ కర్రా – ఫాదర్ డేవిడ్ బాయర్ జీవితం

హాస్టల్లో ఉండి చదువుకునే మనకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. చదువా, ఆటా? కబడ్డీ బాగా ఆడే కుర్రవాణ్ణి చూసి వీడికి చదువు అబ్బదులే అనేస్తారు. బాగా చదివే అమ్మాయి గ్రౌండులోకి దిగితే మార్కులు తగ్గుతాయని వెనక్కి పిలుస్తారు. ఆడేవాడు చదవడని, చదివేవాడు ఆడడని లోకం ఎప్పుడో తీర్మానించేసింది. ఆ తీర్మానాన్ని ఒప్పుకోని ఒక కోచ్ ఉన్నారు. ఏ విద్యార్థినీ ఈ రెండింటిలో ఒకదాన్ని వదులుకోమని అడగకూడదని ఆయన నమ్మారు. నమ్మి ఊరుకోలేదు. ఆ నమ్మకం మీద ఒక దేశపు జట్టునే నిర్మించారు. ఆయనే కెనడా దేశానికి చెందిన ఐస్ హాకీ కోచ్ ఫాదర్ డేవిడ్ బాయర్. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మన హాస్టల్ మిత్రులకు పరిచయం చేయాలని మేము అనుకున్నాము.

ముందు ఆట గురించి

మనకు తెలిసిన హాకీ పచ్చిక మీద, బంతితో ఆడేది. ఐస్ హాకీ మంచుగడ్డ మీద ఆడేది. ఆటగాళ్లు కాళ్లకు పదునైన ఇనుప పట్టీలున్న స్కేట్లు తొడుక్కుంటారు. బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఒక్కో జట్టు నుంచి గోల్ కీపర్‌తో కలిపి ఆరుగురు మంచు మీద ఉంటారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. ఒకరినొకరు భుజాలతో బలంగా ఢీకొట్టడం ఈ ఆటలో మామూలే. అందుకే గాయాలు, కొట్లాటలు కూడా ఎక్కువే. మన దేశంలో లడఖ్ ప్రాంతంలో చలికాలం నీళ్లు గడ్డకట్టినప్పుడు ఈ ఆట ఆడతారు. మనకు క్రికెట్ ఎలాగో కెనడా ప్రజలకు ఐస్ హాకీ అలాగ. అక్కడ చిన్న ఊళ్లో కూడా పిల్లలు ఈ ఆట ఆడుతూనే పెరుగుతారు.

బాల్యం – తండ్రి చెప్పిన మాట

డేవిడ్ బాయర్ 1924 నవంబర్ 2న ఒంటారియో రాష్ట్రంలోని వాటర్లూ పట్టణంలో ఒక పెద్ద క్యాథలిక్ కుటుంబంలో జన్మించారు. అన్నయ్య బాబీ బాయర్ ఆ రోజుల్లో పేరు మోసిన ఆటగాడు. బోస్టన్ బ్రూయిన్స్ అనే వృత్తి జట్టు తరఫున ఆడి 1939లోనూ, 1941లోనూ ఉత్తర అమెరికాలో అత్యున్నతమైన స్టాన్లీ కప్పు గెలిచిన జట్టులో ఉన్నారు. ఇంట్లో అలాంటి అన్న ఉంటే తమ్ముడికి ఏం కావాలనిపిస్తుందో వేరే చెప్పాలా!

డేవిడ్ కూడా మంచి ఆటగాడే. పదిహేనేళ్ల వయసులోనే బోస్టన్ జట్టు శిక్షణ శిబిరానికి వెళ్లే అవకాశం వచ్చింది. కానీ తండ్రి ఒప్పుకోలేదు. ముందు చదువు పూర్తి చెయ్యి, తరువాతే ఆట సంగతి అన్నారు. డేవిడ్‌ను టొరంటో నగరంలోని సెయింట్ మైకేల్స్ కళాశాలలో చేర్చారు. చేతికి అందిన అవకాశం జారిపోయినందుకు డేవిడ్ చాలా బాధపడ్డారు. అయితే ఆ బాధే ఆయన్ను ఆలోచనలో పడేసింది. మనిషి ఎందుకు బతకాలి, ఆట ఎందుకు ఆడాలి అని తనను తాను ప్రశ్నించుకోవడం అప్పుడే మొదలైందని చెబుతారు.

సెయింట్ మైకేల్స్‌లో ఆయన చదివారు, ఆడారు, జట్టుకు నాయకత్వం వహించారు. 1944లో ఓషావా జనరల్స్ జట్టు తరఫున ఆడి జూనియర్ జట్లకు అత్యున్నతమైన మెమోరియల్ కప్పు గెలుచుకున్నారు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కొంతకాలం సైన్యంలో పనిచేసి వచ్చారు. ఆ తరువాత వృత్తి ఆటగాడు అయ్యే దారి ఉన్నా ఆ దారిన పోలేదు. విద్యాబోధనే ముఖ్యమైన పనిగా పెట్టుకున్న బెసీలియన్ అనే గురువుల సంఘంలో చేరారు. 1953లో గురుపట్టం పొంది ఫాదర్ బాయర్ అయ్యారు. తాను చదివిన సెయింట్ మైకేల్స్‌కే అధ్యాపకుడిగా, కోచ్‌గా తిరిగి వచ్చారు.

గోల్ కీపర్‌ను ముందుకు పంపిన కోచ్

ఆయన కోచింగ్ పద్ధతికి ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. 1960–61 సీజనులో సెయింట్ మైకేల్స్ జట్టుకు జెర్రీ చీవర్స్ అనే మంచి గోల్ కీపర్ ఉండేవాడు. ఫాదర్ బాయర్ అతణ్ణి కొన్ని మ్యాచ్‌ల పాటు గోల్ ముందు నుంచి తప్పించి ఫార్వర్డ్‌గా ఆడించారు. చూసేవాళ్లకు ఇది వింతగా అనిపించింది. గోల్ వేసేవాడు ఎలా ఆలోచిస్తాడో, ఎలా స్కేటింగ్ చేస్తాడో తెలిస్తేనే గోల్ ఆపేవాడికి పని తెలుస్తుందన్నది దాని వెనుక ఉన్న ఉద్దేశం. ఆ ఏడాది 1961లో సెయింట్ మైకేల్స్ మెమోరియల్ కప్పు గెలిచింది. చీవర్స్ తరువాత బోస్టన్ జట్టులో చేరి 1970లోనూ, 1972లోనూ స్టాన్లీ కప్పు గెలిచిన గోల్ కీపర్ అయ్యాడు.

కప్పు గెలిచిన ఆ ఏడాదే ఒక విచిత్రం జరిగింది. సెయింట్ మైకేల్స్ తన జట్టును ఆ పెద్ద పోటీల నుంచి విరమించుకుంది. గెలిచాక ఎవరైనా విరమించుకుంటారా? మ్యాచ్‌లు మరీ ఎక్కువయ్యాయి, ప్రయాణాలు ఎక్కువయ్యాయి, మంచు మీద కొట్లాటలు పెరిగాయి, కుర్రవాళ్ల చదువు చెడిపోతోంది. ఇవీ కారణాలు. ఆ రోజుల్లో వృత్తి క్లబ్బులు కుర్రవాళ్లతో చిన్న వయసులోనే ఒప్పందాలు రాయించుకునేవి. ఆ తరువాత వాళ్లు ఎక్కడ ఆడాలన్నది క్లబ్బు చేతిలోకి వెళ్లిపోయేది. అప్పట్లో ఉన్న పెద్ద జట్లు ఆరే ఆరు. ఆశపడే కుర్రవాళ్లేమో వేలల్లో ఉండేవారు. ఆరు జట్లలో చోటు దొరకనివాడు ఇటు ఆటా లేక, అటు చదువూ లేక మిగిలిపోయేవాడు. ఫాదర్ బాయర్‌ను కలచివేసింది ఆ మిగిలిపోయిన కుర్రవాడి సంగతే.

విద్యార్థులతో ఒక దేశపు జట్టు

1961లో ఫాదర్ బాయర్ దేశానికి పడమటి అంచున ఉన్న వాంకోవర్ నగరానికి, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ఆవరణలోని సెయింట్ మార్క్స్ కళాశాలకు వెళ్లారు. అక్కడి విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్ అయ్యారు. 1963లో కెనడా విశ్వవిద్యాలయాల మధ్య మొట్టమొదటి జాతీయ పోటీ జరిగితే ఆయన జట్టు ఫైనల్ దాకా వెళ్లింది.

అప్పటి ఒలింపిక్స్ నియమాల ప్రకారం ఆటను వృత్తిగా చేసుకున్నవాళ్లు పాల్గొనడానికి వీల్లేదు. అందువల్ల కెనడా ప్రతిసారీ తన ఔత్సాహిక క్లబ్బుల్లో గెలిచిన ఒక జట్టును పంపేది. చాలాకాలం అదే సరిపోయింది. 1954లో సోవియట్ యూనియన్ ప్రపంచ పోటీలకు రావడంతో కథ మారింది. ఆ జట్టు ఏడాది పొడుగునా కలిసి సాధన చేసేది. 1956 ఒలింపిక్స్‌లో స్వర్ణం సోవియట్ జట్టుదే. ఆ ఒలింపిక్స్‌లోనూ, 1960 ఒలింపిక్స్‌లోనూ కెనడా తరఫున వెళ్లిన క్లబ్బు జట్టుకు కోచ్ ఎవరో కాదు, అన్నయ్య బాబీ బాయరే. మొదటిసారి కాంస్యం, రెండోసారి రజతం వచ్చాయి. క్లబ్బు జట్టుతో ఇక నెగ్గుకురావడం కష్టమని ఆ ఇంట్లో బాగా తెలుసు.

1962లో ఫాదర్ బాయర్ కెనడా ఔత్సాహిక హాకీ సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. దేశం నలుమూలల నుంచి మంచి ఆటగాళ్లైన విద్యార్థులను ఒకచోట చేర్చాలి. వాళ్లు విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, ఒకేచోట ఉంటూ, కలిసి సాధన చేసి ఒలింపిక్స్‌కు వెళ్లాలి. సంఘం ఒప్పుకుంది. అలా కెనడాకు మొదటిసారి ఒక శాశ్వత జాతీయ జట్టు ఏర్పడింది.

డబ్బు ఎక్కువ లేదు. వృత్తి క్లబ్బుల నుంచి పెద్దగా సహకారమూ లేదు. పెద్ద జీతాలు ఇచ్చే క్లబ్బు ఒకవైపు పిలుస్తుంటే ఫాదర్ బాయర్ ఇవ్వగలిగింది తిండి, వసతి, చదువు, దేశం కోసం ఆడే అవకాశం. అయినా కుర్రవాళ్లు వచ్చారు. విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఒక వసతిలో కలిసి ఉన్నారు. తరగతులకు వెళ్లేవాళ్లు, సాధన చేసేవాళ్లు, మళ్లీ పుస్తకాలు పట్టేవాళ్లు. ఒక్క మాటలో చెప్పాలంటే అదీ ఒక హాస్టలే. ఈ జీవితకథ మనకు ఇంత దగ్గరగా అనిపించడానికి కారణం అదే. ఆవరణలో ఐస్ మైదానం కూడా 1963లోనే తయారైంది. దానికి నిధులు సమకూర్చడంలో ఫాదర్ బాయర్ శ్రమ ఎంతో ఉంది.

ఇన్స్‌బ్రక్ – రక్తం కారినా కదలని మనిషి

1964 శీతాకాల ఒలింపిక్స్ ఆస్ట్రియా దేశంలోని ఇన్స్‌బ్రక్‌లో జరిగాయి. ఫాదర్ బాయర్ పేరు ప్రపంచానికి తెలిసింది అక్కడే. అయితే ఆయన పేరు తెచ్చుకున్నది పతకంతో కాదు.

స్వీడన్‌తో మ్యాచ్ జరుగుతోంది. స్వీడన్ ఆటగాడు కార్ల్ ఓబెర్గ్ ఆవేశంలో విరిగిన తన కర్రను కెనడా బెంచీ వైపు విసిరాడు. అది వచ్చి ఫాదర్ బాయర్ నుదుటికి తగిలింది. రక్తం కారింది. బెంచీ మీదున్న కుర్రవాళ్లు ఒక్కసారిగా లేచారు. తమ గురువుకు దెబ్బ తగిలితే ఎవరు ఊరుకుంటారు? మంచు మీదికి దూకి బదులు తీర్చుకోవాలని వాళ్ల ఆత్రం. రక్తం కారుతున్న ఆ మనిషే వాళ్లను ఆపారు. ఎవరూ బెంచీ దిగవద్దని ఆజ్ఞాపించారు. ఒక్కరూ దిగలేదు. ఆట కొనసాగింది. కెనడా 3–1 తేడాతో గెలిచింది.

అంతటితో అయిపోలేదు. ఓబెర్గ్‌ను ఒక మ్యాచ్ ఆడకుండా నిషేధించారు. మరునాడు సోవియట్ యూనియన్, చెకొస్లొవేకియా జట్ల మధ్య మ్యాచ్ ఉంది. దాన్ని తన పక్కన కూర్చుని చూడమని ఫాదర్ బాయర్ ఓబెర్గ్‌నే ఆహ్వానించారు. నుదుటిన దెబ్బ తిన్న మనిషి, దెబ్బ కొట్టిన మనిషి ఒకే వరుసలో కూర్చుని ఆట చూశారు. ఆ క్రీడాస్ఫూర్తికి గుర్తింపుగా నిర్వాహకులు ఫాదర్ బాయర్‌కు ప్రత్యేకంగా ఒక బంగారు పతకం ఇచ్చారు.

జట్టుకు మాత్రం పతకం రాలేదు. చెకొస్లొవేకియాతో మ్యాచ్‌లో కెనడా 1–0తో ముందుండగా గోల్ కీపర్ సెత్ మార్టిన్ గాయపడి బయటికి వెళ్లాడు. తరువాత మూడు గోల్స్ పడి కెనడా ఓడిపోయింది. ఆఖరి మ్యాచ్ సోవియట్ యూనియన్‌తో. గెలిస్తే స్వర్ణం. కెనడా రెండుసార్లు ఆధిక్యంలోకి వెళ్లి చివరికి 3–2 తేడాతో ఓడింది. సోవియట్ జట్టు మొదటి స్థానంలో నిలిచింది. కెనడా, స్వీడన్, చెకొస్లొవేకియా మూడూ ఏడేసి మ్యాచ్‌లలో ఐదేసి గెలిచి సమానంగా నిలిచాయి. ఈ మూడింటి మధ్య జరిగిన మ్యాచ్‌ల గోల్స్ మాత్రమే లెక్కిస్తే కెనడాకు కాంస్యం దక్కేది. అలా కాకుండా మొత్తం మ్యాచ్‌ల గోల్స్ లెక్కించడంతో కెనడా నాలుగో స్థానానికి పడిపోయింది. పతకం వస్తుందని నమ్మిన కుర్రవాళ్లు ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు. ఈ అన్యాయం గురించి నలభై ఏళ్ల తరువాత కూడా కెనడాలో వాదనలు సాగాయి. అంత బాధలోనూ ఆ జట్టు ఎవరి మీదా చేయి ఎత్తలేదు. వాళ్లు నేర్చుకున్న పాఠం అలాంటిది.

ఒడిదుడుకులు

ఆ తరువాత జాతీయ జట్టు విన్నిపెగ్ నగరానికి మారింది. జాకీ మెక్‌లాడ్ కోచ్ అయ్యారు. ఫాదర్ బాయర్ జట్టు వెనుక ఉండి నడిపించారు. 1966లోనూ, 1967లోనూ ప్రపంచ పోటీల్లో కాంస్యాలు వచ్చాయి. 1968లో గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో కూడా కాంస్యం వచ్చింది. కానీ స్వర్ణం రాలేదు. హాకీ మా ఆట అనుకునే దేశానికి కాంస్యాలతో తృప్తి ఎక్కడిది? వృత్తి ఆటగాళ్లను పంపాలన్న కోరిక బలపడింది. ప్రపంచ పోటీల్లో వాళ్లను ఆడించే విషయంలో అంతర్జాతీయ సమాఖ్యతో తగాదా వచ్చి 1970లో కెనడా అంతర్జాతీయ పోటీల నుంచే తప్పుకుంది. దాంతో ఫాదర్ బాయర్ కట్టిన జట్టు రద్దయిపోయింది. ఎనిమిదేళ్ల శ్రమ ఒక్క నిర్ణయంతో ముగిసింది.

ఆయన నిరాశపడి కూర్చోలేదు. జపాన్, ఆస్ట్రియా దేశాల్లో ఐస్ హాకీ అభివృద్ధికి సహాయం చేశారు. 1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో జరిగిన ఒలింపిక్స్‌కు కెనడా మళ్లీ విద్యార్థులు ఎక్కువగా ఉన్న జట్టునే పంపినప్పుడు దాని నిర్వహణ బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టుకు ఆరో స్థానం వచ్చింది. 1964లో ఆయన దగ్గర ఆడిన టెర్రీ ఓమాలీ ఆ జట్టులోనూ ఉన్నాడు. అప్పటికి అతని వయసు 39 ఏళ్లు.

1988 ఫిబ్రవరిలో కెనడాలోనే కాల్గరీ నగరంలో ఒలింపిక్స్ జరిగాయి. అదే ఏడాది నవంబర్ 9న, తన 64వ పుట్టినరోజు గడిచిన వారానికి, ఫాదర్ బాయర్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మిగిలిందేమిటి?

లెక్క సూటిగా చెప్పుకోవాలి. ఫాదర్ బాయర్ పద్ధతిలో నడిచిన జట్టు ఒలింపిక్ స్వర్ణం ఎన్నడూ గెలవలేదు. ఐస్ హాకీలో కెనడా పురుషులు 1952లో స్వర్ణం గెలిచాక మళ్లీ గెలిచింది 2002లో. అదీ వృత్తి ఆటగాళ్లతోనే. 1998 నుంచి ఉత్తర అమెరికా పెద్ద లీగు ఆటగాళ్లు ఒలింపిక్స్‌కు రావడం మొదలైంది. కాబట్టి పతకాల పట్టిక చూసి మార్కులు వేసేవాళ్లు ఆయన ప్రయోగం విఫలమైందని అనవచ్చు.

మేము అలా అనుకోవడం లేదు. కారణాలు ఉన్నాయి. ఆయన జట్టులో ఆడిన కుర్రవాడు ఆట ఆగిపోయిన రోజున వీధిన పడలేదు. చేతిలో చదువు ఉంది. ఓమాలీనీ, అతని సహచరుడు బారీ మెకెంజీనీ చూడండి. ఇద్దరూ జపాన్‌లో ఆడి వచ్చి, సస్కాచ్వాన్ రాష్ట్రంలో విల్‌కాక్స్ అనే చిన్న గ్రామంలోని నోటర్ డేమ్ వసతి పాఠశాలలో పిల్లలకు చదువూ ఆటా నేర్పుతూ గడిపారు. గురువు దగ్గర తీసుకున్నది తరువాతి తరానికి అప్పజెప్పారు. పైగా దేశానికి ఒక శాశ్వత జాతీయ జట్టు ఉండాలన్న ఆలోచనకు నాంది ఆయనే. 1980లలో కాల్గరీ కేంద్రంగా మళ్లీ జాతీయ జట్టు నడిచింది. ఇప్పుడు కెనడాలో పెద్ద జూనియర్ లీగులు తమ ఆటగాళ్లు ఆడిన సీజన్ల లెక్కన పై చదువుల ఫీజు భరిస్తున్నాయి. ఆడే కుర్రవాడికి చదువు కూడా హక్కే అన్న మాట ఒకప్పుడు కొద్దిమందే అనేవారు. ఈనాడు అది నియమమైంది. అన్నవాళ్లలో ముందు వరుసలో ఫాదర్ బాయర్ ఉన్నారు.

గౌరవాలకూ కొదవ లేదు. 1967లో దేశపు ఉన్నత పురస్కారం ఆర్డర్ ఆఫ్ కెనడా లభించింది. 1986లో కాల్గరీలోని ఐస్ మైదానానికి ఆయన పేరు పెట్టారు. 1989లో హాకీ ప్రముఖుల జాబితా అయిన హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ, 1997లో అంతర్జాతీయ సమాఖ్య ప్రముఖుల జాబితాలోనూ ఆయన పేరు చేర్చారు. వాంకోవర్ విశ్వవిద్యాలయంలోని పాత ఐస్ మైదానం ఆయన పేరుతోనే నిలిచి ఉంది. 2010 ఒలింపిక్స్‌కు దాని చుట్టూ కొత్త స్టేడియం కట్టినప్పుడు కూడా దాన్ని పడగొట్టకుండా అందులో కలిపారు.

మనకు ఐస్ మైదానాలు లేవు. స్కేట్లు మనలో చాలామంది చూసి కూడా ఉండరు. అయినా ఈ జీవితంలో మనం తీసుకోవలసింది ఉంది. సాయంత్రం గ్రౌండులో చెమటోడ్చి, కాళ్లు కడుక్కుని స్టడీ అవర్‌లో కూర్చునే మన దినచర్యనే ఆయన ఒక దేశపు జట్టుకు పెట్టారు. మన హాస్టల్లో గోల్ కీపర్ గోల్ దగ్గరే ఉండనక్కర్లేదు. సైన్సు బాగా వచ్చినవాడు ఒక రోజు వాలీబాల్ కోర్టులోకి దిగాలి. వాలీబాల్ ఆడేవాడు ఒక రోజు క్విజ్ పోటీలో నిలబడాలి. ఎదుటివాడి స్థానంలో ఆడితేనే మన ఆట మనకు తెలుస్తుంది. మ్యాచ్‌లో దెబ్బ తగిలినప్పుడు, అంపైరు నిర్ణయం మనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు, ఇన్స్‌బ్రక్‌లో రక్తం కారుతూ తన పిల్లలను బెంచీ దిగనివ్వని ఆ మనిషిని ఒక్కసారి తలుచుకుందాం.

ఇక చదువా, ఆటా అని మనల్ని ఎవరైనా అడిగితే రెండూ అని చెబుదాం. అలా చెప్పడమే కాదు, రేపటి పరీక్షలోనూ, రేపటి ఆటల పోటీలోనూ దాన్ని చేసి చూపిద్దాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో పుస్తకం ఉంటే ఆట వస్తువు కూడా అందుకోండి. ఆట వస్తువు ఉంటే పుస్తకం కూడా అందుకోండి. మీకు రెండు చేతులున్నాయి.